ఎలుకల ఏడు – నక్కల ఏడు

1826లో తొలకరి వానలు సరిగా కురవలేదు. నేటి కర్ణాటకలోని ధార్వాడ పరిసరాలను ఆ రోజులలో ఆంగ్లేయులు దక్షిణ మరాఠా దేశమని పిలిచేవారు. ఆ మెట్ట భూములలో ఆ సంవత్సరం ఒక చిన్న పొలపు ఎలుక లెక్కకు మించి పెరిగిపోయింది. విత్తిన గింజను విత్తినట్లే తవ్వుకుని తిన్నది. మిగిలిన పైరు ఎదిగి కంకి వేసే వేళకు జొన్నదంటు మీదికి ఎగబాకి, కంకిని కొరికి పడవేసి, తీరికగా గింజలు ఒలుచుకున్నది. చేలకు చేలే నాశనమయ్యాయి. రైతులు శిస్తు కట్టలేని స్థితికి వచ్చారు. చివరకు వారు వడ్డెరలను పిలిపించారు. చెరువులు తవ్వడంలో, మట్టిపనిలో ఆరితేరిన ఆ కుటుంబాలు ఇన్ని డజన్ల ఎలుకలకు ఇంత ధాన్యమని కొలత మాట్లాడుకుని పనిలోకి దిగాయి. వేలకొలది ఎలుకలు చచ్చాయి. అయినా వాటి సంఖ్య తగ్గినట్లు ఎవరికీ తోచలేదు.

ఈ సంగతిని వ్రాసిపెట్టినవాడు వాల్టర్ ఎలియట్. మద్రాసు ప్రభుత్వంలో ఉద్యోగి అయిన ఈ పండితుడే తరువాత 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించి, అక్కడి శిల్పాలను మద్రాసుకు తరలించాడు. వడ్డెరలు ఆ ఎలుకను ‘మెట్టడ’ అని పిలిచేవారని కూడా ఆయన నమోదు చేశాడు. తెలుగు చెవికి అందులో మెట్ట అన్న మాట స్పష్టంగానే వినిపిస్తుంది. కొద్దిపాటి అక్షరభేదంతో ఆ పేరే శాస్త్రనామంలోకి ఎక్కి, నేటికీ ప్రపంచమంతటా ‘మిల్లార్డియా మెల్టాడా’గా చలామణి అవుతున్నది.

మనుషులు వేలకొలది చంపినా తరగని ఎలుకలను గురించి చదివినప్పుడు సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. ఆ మెట్టలలో గుంటనక్కలు ఉన్నాయి, గుడ్లగూబలు ఉన్నాయి, గద్దలు, పాములు ఉన్నాయి. కళ్లముందు అంతటి విందు పరచి ఉండగా అవి ఏమి చేస్తున్నాయి? ఎలుకలు పెరిగితే వాటిని తినే జంతువులూ పెరగాలి కదా! పెరిగి, ఎలుకలను అదుపు చేయాలి కదా! ప్రకృతిలో సమతౌల్యమంటే అదే కదా!

ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ శాస్త్రజ్ఞులు నాలుగు ఖండాలలోని మెట్టలను, ఎడారులను గాలించారు. వారికి లభించిన సమాధానం మన పాఠ్యపుస్తకాలలోని తక్కెడ బొమ్మ వలె సరళమైనది కాదు. కాని అంతకంటె ఆసక్తికరమైనది, రైతుకు అంతకంటె ఉపయోగకరమైనది.

తడి నేల వేరు, పొడి నేల వేరు

ఏటా నికరంగా వాన కురిసే అడవిలో ఆహారం కూడా నికరంగానే ఉంటుంది. ఎలుకల సంఖ్య ఏడాదికీ ఏడాదికీ మధ్య విపరీతంగా మారదు. పొడి నేలల సంగతి అది కాదు. అక్కడ మూడు నాలుగేళ్లు ఆకాశం మొహం చాటేస్తుంది. ఒక ఏడు ఒక్కసారిగా కుంభవృష్టి కురుస్తుంది. నేలలో నిద్రాణంగా ఉన్న విత్తనాలన్నీ ఒకేసారి మొలకెత్తుతాయి. కొద్ది వారాలలో పచ్చిక, పూలు, ఆ తరువాత నేలనిండా గింజలు.

ఈ అవకాశాన్ని ఎలుక అందిపుచ్చుకున్నంత త్వరగా మరే క్షీరదమూ అందుకోలేదు. చాలా జాతులలో గర్భధారణ కాలం నెల రోజులకు అటూ ఇటూగా మాత్రమే. ఒక కాన్పు పిల్లలు పాలు మరిచేసరికి తల్లి మరొక కాన్పుకు సిద్ధమవుతుంది. ఆ పిల్లలే మరికొన్ని నెలలలో తల్లులవుతాయి. వాటిని వేటాడే గుంటనక్క సంగతి చూడండి: ఏడాదికి ఒక్క ఈత, అందులో సాధారణంగా రెండు నుంచి నాలుగు పిల్లలు. అవి పెరిగి జతకట్టాలంటే మరుసటి ఋతువు రావాలి. ఎలుక నెలల లెక్కన నడుస్తుంది. నక్క సంవత్సరాల లెక్కన నడుస్తుంది. పందెం మొదలయ్యే ముందే నక్క వెనుకబడి ఉన్నది.

రెండు విధాల జవాబు

ఆహారం పెరిగినప్పుడు వేటజంతువు రెండు విధాలుగా స్పందించవచ్చునని 1949లో ఎం. ఇ. సాలమన్ అనే శాస్త్రజ్ఞుడు సూత్రీకరించాడు. మొదటిది, ఒక్కొక్క జంతువు మునుపటికంటె ఎక్కువ తినడం. రెండవది, ఆ జంతువుల సంఖ్యే పెరగడం. పిల్లలను ఎక్కువగా కనడం వల్ల గాని, ఇతర ప్రాంతాల నుంచి వలస రావడం వల్ల గాని ఈ పెరుగుదల కలుగుతుంది. మొదటిదానిని వేటతీరులో మార్పు అనీ, రెండవదానిని తలల లెక్కలో మార్పు అనీ చెప్పుకోవచ్చు.

పదేళ్ల తరువాత, 1959లో, కెనడాకు చెందిన సి. ఎస్. హాలింగ్ మొదటి జవాబును కొలిచి చూపించాడు. ఆయన పరిశోధన పైన్ చెట్లను తినే ఒక పురుగుకు సంబంధించినది. ఆ పురుగు గూళ్లను నేలలోంచి తవ్వి తినే చుంచులను, అడవి చిట్టెలుకలను ఆయన గమనించాడు. అందులోని సూత్రాన్ని తేల్చుకోవడానికి ఆయన చేసిన ప్రయోగం చూస్తే నవ్వు వస్తుంది. ఒక బల్లమీద గరుకు కాగితపు బిళ్లలను అమర్చారు. ఒక వ్యక్తికి కళ్లకు గంతలు కట్టి, వేలితో బల్లను తడుముతూ బిళ్ల తగిలినప్పుడల్లా దానిని తీసి పక్కన పెట్టమన్నారు. ఇక్కడ ఆ వ్యక్తే వేటజంతువు, బిళ్లలే ఎర.

బిళ్లలు పలుచగా ఉన్నప్పుడు వెదకడానికే కాలమంతా సరిపోయింది. బిళ్లల సంఖ్య పెంచినకొద్దీ దొరికేవీ పెరిగాయి. కాని ఒక స్థాయి దాటిన తరువాత ఎన్ని బిళ్లలు చేర్చినా ప్రయోజనం లేకపోయింది. ఒక్కొక్క బిళ్లను తీసి పక్కన పెట్టడానికి కొంత సమయం పడుతుంది కదా! వేటలోనూ అంతే. ఎలుకను పట్టాలి, చంపాలి, తినాలి, అరగాలి. గుడ్లగూబ ముందు పది ఎలుకలు తిరిగినా, పదివేలు తిరిగినా దాని పొట్ట ఒక్కటే.

వడ్డెరల శ్రమ ఫలించకపోవడానికి కారణం ఇందులోనే ఉన్నది. ఎలుకలు కొద్దిగా ఉన్నప్పుడు వేటగాడు తీసుకునే వాటా పెద్దది. అవి వెల్లువెత్తినప్పుడు అతడు ఎక్కువే చంపుతాడు. కాని మొత్తంలో ఆ వాటా నానాటికీ చిన్నదవుతుంది.

చిలీలో కురిసిన వాన

ఈ రెండు జవాబులను నిజమైన పొడినేలలో, నిజమైన నక్కల మధ్య పరిశీలించే అవకాశం 1987లో దక్షిణ అమెరికాలో లభించింది. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కి ఎల్‌నినో ఏర్పడితే మన దేశంలో రుతుపవనాలు బలహీనపడే ప్రమాదం ఉన్నదని మనకు తెలుసు. అదే ఎల్‌నినో ప్రపంచపు ఆవలి వైపున, ఉత్తర మధ్య చిలీలోని పొడినేలలకు మాత్రం వరం. ఆ ఏడాది శీతాకాలంలో అక్కడ కుండపోతగా వానలు పడ్డాయి. ఇల్యాపెల్ పట్టణం సమీపంలోని చిన్‌చిల్లా అభయారణ్యంలో కొండవాలులన్నీ పచ్చబడ్డాయి. వాటి వెనుకనే ఎలుకలు పెచ్చు పెరిగాయి. ఆ తరువాత మళ్లీ కరవు సంవత్సరాలు వచ్చాయి. ఎలుకల సంఖ్య క్రమంగా కూలిపోయింది.

ఫాబియాన్ హాక్సిచ్ అనే చిలీ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ పతనాన్ని మొదటి నుంచి చివరి వరకు గమనించారు. అక్కడ రెండు జాతుల నక్కలు, పలు జాతుల గద్దలు, గుడ్లగూబలు ఉన్నాయి. ఎలుకలను బోనులు పెట్టి లెక్కించారు. వేటజంతువుల ఆహారాన్ని మాత్రం వాటి విసర్జనల నుంచి తెలుసుకున్నారు. గుడ్లగూబ ఎరను చాలావరకు ముక్కలు చేయకుండానే మింగి, అరగని ఎముకలను, బొచ్చును ఉండగా చుట్టి నోటి గుండా కక్కివేస్తుంది. ఆ ఉండను విప్పి పుర్రెలను, దవడలను లెక్కపెడితే ఆ రాత్రి అది తిన్న భోజనం వివరం యావత్తూ తెలిసిపోతుంది.

కరవు ముదిరినకొద్దీ వేటజంతువులు ఒక్క తీరున ప్రవర్తించలేదు. రెక్కలున్న కొన్ని జాతులు ఆ లోయలను విడిచి వెళ్లిపోయాయి, లేదా అరుదైపోయాయి. కొన్ని నిలిచిపోయాయి. నిలిచినవాటిలో కూల్పెయో అనే పెద్ద నక్క తన వంటకాల జాబితాను విస్తరించుకున్నది. ఎలుకలు దొరకనప్పుడు పురుగులు తిన్నది, పండ్లు తిన్నది. మిరియపు గింజల వంటి పండ్లు కాచే మోయె చెట్టు పండ్లను మింగి, వాటి విత్తనాలను దూరదూరాలకు మోసుకుపోయి చెట్లను వ్యాపింపజేసింది. మాంసాహారి కాస్తా కరవుకాలంలో తోటమాలి అయింది! కొట్టపు గుడ్లగూబ దీనికి పూర్తిగా భిన్నం. ముఖం పళ్లెంలా తెల్లగా ఉండే ఈ పక్షి ప్రపంచంలో ఎక్కడ ఉన్నా ప్రధానంగా ఎలుకజాతి జీవులమీదనే బ్రతుకుతుంది. దానికి ఎలుక ఉంటే పండుగ. లేకపోతే పస్తు, లేదా ప్రయాణం.

గుడ్లగూబ గూటిలోనే ఈ లెక్క వ్రాసి ఉంటుంది. అది గుడ్లన్నీ పెట్టిన తరువాత పొదగదు. మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది. అందువల్ల ఒకే గూటిలోని పిల్లలు వేరువేరు రోజులలో పుట్టి, మెట్లమెట్లుగా కనిపిస్తాయి. ఎలుకలు సమృద్ధిగా ఉన్న ఏడు చివరి పిల్ల కూడా బ్రతికి ఎగిరిపోతుంది. కొరత ఏర్పడితే చిన్నది ముందుగా పోతుంది, పెద్దవి మిగులుతాయి. రాబోయే కాలం ఎటువంటిదో ముందుగా తెలియని పక్షి వేసుకున్న కఠినమైన అంచనా ఇది.

కంచె లోపల, కంచె వెలుపల

వేటజంతువులు ఎలుకల వెనుక నడుస్తాయని తేలింది. కాని అవి ఎలుకలను తగ్గించగలవా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు రావాలంటే వేటజంతువులు లేనిచోట ఏమి జరుగుతుందో చూడాలి. ఇందుకోసం 1989లో చిలీలోని ఫ్రే హోర్హే జాతీయోద్యానంలో ఒక సాహసోపేతమైన ప్రయోగం ఆరంభమైంది. పీటర్ మెజర్వ్, హూలియో గుతియెర్రెజ్, హాక్సిచ్, డగ్లస్ కెల్ట్ మున్నగువారు దానిని దశాబ్దాల తరబడి నడిపారు. అక్కడ సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 130 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో కురిసే వానలో అది నాలుగో వంతు.

75 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న 16 మడులను వారు ఎంచుకున్నారు. కొన్నింటి చుట్టూ నక్కలు దూకలేని ఎత్తైన కంచె కట్టి, గద్దలు దిగకుండా పైన వల పరిచారు. మరికొన్నింటికి తక్కువ ఎత్తు కంచె మాత్రమే వేశారు. వాటిలోకి నక్కలూ గద్దలూ యథేచ్ఛగా రావచ్చు. ఆ పైన ప్రతి నెలా బోనులు పెట్టి, చిక్కిన ప్రతి ఎలుకకూ గుర్తు వేసి విడిచిపెట్టారు. అక్కడి ప్రధాన నివాసి డేగూ; పగటివేళ తిరుగుతూ గుంపులుగా బ్రతికే, ఉడుతంత జీవి.

తరువాతి కాలంలో 1991–92, 1997–98, 2000–02 ప్రాంతాలలో తడి సంవత్సరాలు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఎలుకలు పెరిగాయి. కంచె లోపలా పెరిగాయి, వెలుపలా పెరిగాయి. పెరిగే దశలో పగ్గాలు వానచేతిలోనే ఉన్నాయి. నక్క ఉన్నదా లేదా అన్నదానితో పెద్దగా నిమిత్తం లేకపోయింది. చిన్న జాతుల ఎలుకల విషయంలో వేటజంతువుల ప్రభావం అంతగా కనిపించనే లేదు. అయితే డేగూల విషయంలో మాత్రం, ముఖ్యంగా వానలు వెనుకబట్టి గింజలు కరిగిపోయే దశలో, తేడా బయటపడింది. వల కప్పిన మడులలోని డేగూలు ఎక్కువకాలం బ్రతికాయి, ఎక్కువ సంఖ్యలో మిగిలాయి. బయటి మడులలో అవి త్వరగా తగ్గిపోయాయి.

దీని సారాంశం ఇది: వరదను వేటజంతువులు ఆపలేవు. వరద తీసే సమయంలో దానిని త్వరగా తీయించగలవు. గింజ దొరకక నీరసించిన ఎలుకల సంఖ్య తగ్గుతుండగా, వెనుకటి ఏడు పెరిగిన నక్కలు, గుడ్లగూబలు వచ్చి వాటిమీద పడతాయి. అప్పుడు వాటా లెక్క తిరగబడుతుంది: ఎలుకలు తక్కువ, తినే నోళ్లు ఎక్కువ.

భయం చేసే పని

చంపడం ఒక్కటే వేటజంతువు చేసే పని కాదు. ఫ్రే హోర్హేలో పరిశోధకులు డేగూల కాలిబాటలను కూడా కొలిచారు. నక్కలు రాగల మడులలో ఆ బాటలు పొదనుంచి పొదకు పొట్టిగా, సూటిగా ఉన్నాయి. వల కింద భద్రంగా ఉన్నచోట అవి ఆరుబయటికి వంకరటింకరగా సాగాయి. నక్క అక్కడ లేని రోజున కూడా దాని భయం బాటలు గీస్తూనే ఉన్నది.

ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో బర్ట్ కాట్లర్, ఆయన సహచరులు ఈ భయాన్ని గింజల లెక్కలో కొలిచారు. పెద్ద పంజరంలాంటి ఆవరణలో ఎడారి ఎలుకలను విడిచి, పళ్లాలలో ఇసుకతో కలిపిన గింజలు పెట్టారు. కొన్ని రాత్రులు అందులోకి గుడ్లగూబలను వదిలారు. తెల్లవారిన తరువాత ప్రతి పళ్లెంలో మిగిలిన గింజలను తూచారు. ఎక్కువ గింజలు మిగిలాయంటే ఎలుక త్వరగా భయపడి లేచిపోయిందని అర్థం. గుడ్లగూబ ఉన్న రాత్రులలో, వెన్నెల రాత్రులలో ఎలుకలు తక్కువ తిన్నాయి. ఆరుబయటి పళ్లాలను విడిచి పొదల నీడకు చేరుకున్నాయి.

ఈ భయం నిచ్చెన నక్కతో కూడా ఆగదు. మహారాష్ట్రలోని షోలాపూర్ దగ్గర, బట్టమేకపిట్టల అభయారణ్యానికి పేరుపొందిన నన్నజ్ గడ్డిమైదానాలలో అబీ తమీమ్ వనక్, మాథ్యూ గాంపర్ గుంటనక్కలను పరిశీలించారు. ఆహారం పెట్టిన చోట ఊరకుక్క కనిపిస్తే గుంటనక్క తినడం తగ్గించింది. ఎలుకలకు నక్క ఎటువంటిదో, నక్కకు కుక్క అటువంటిది. గడ్డిమైదానంలో ఊరకుక్కలు పెరిగితే దానికి మూల్యం చెల్లించేది గుంటనక్క. అంతిమంగా లాభపడేది ఎలుక కావచ్చు.

రాత్రి ఎగిరే గద్ద

వేటజంతువు ఎలుకల వెంట ఎంతదూరం పోగలదో చెప్పడానికి ఆస్ట్రేలియాను మించిన ఉదాహరణ లేదు. ఆ ఖండపు నడిబొడ్డున, భారీ వర్షాలు కురిసిన తరువాతి కాలంలో పొడవాటి బొచ్చుగల ఒక ఎలుక కోట్లకొలదిగా విజృంభిస్తుంది. 1970ల నడిమి కాలంలోనూ, 2010–11లోనూ అటువంటి విజృంభణలు సంభవించాయి. దానిమీద ఆధారపడి ఒక గద్ద బ్రతుకుతున్నది. రెక్కల అడుగున నల్లని అక్షరంలాంటి గీత ఉండటంచేత దానికి అక్షరరెక్కల గద్ద అని పేరు. గద్దల కుటుంబంలో ఇది విచిత్రమైనది; ఎలుకలు రాత్రి తిరుగుతాయి గనుక ఇదీ రాత్రే వేటాడుతుంది.

ఎలుకలు ఉన్నంతకాలం ఈ గద్దలు వాగుల ఒడ్డున చెట్లమీద గుంపులుగా గూళ్లు కట్టి, ఒకదాని తరువాత ఒకటిగా పిల్లలను లేపుతూనే ఉంటాయి. ఎలుకలు కూలిన మరుక్షణం వాటి సంసారం కూలుతుంది. వందల కిలోమీటర్ల దూరాన సముద్రతీరాల వరకు చెదరిపోయి, అలవాటులేని నేలలలో చాలావరకు ఆకలితో చనిపోతాయి. ఎడారి నడిమధ్యన మిగిలిన కొద్దిపాటి గద్దలే తరువాతి వాన వరకు వంశాన్ని నిలబెడతాయి.

ఇంతవరకు ఇది ప్రకృతి సిద్ధమైన కథ. దీనిలోకి మనిషి రెండు కొత్త పాత్రలను ప్రవేశపెట్టాడు: ఐరోపా నుంచి తెచ్చిన పిల్లి, ఎర్రనక్క. ఎలుకల ఏడు ఇవి కూడా విపరీతంగా పెరుగుతాయి. కాని గద్దవలె ఎగిరిపోవు. ఎలుకలు అయిపోయిన తరువాత ఆకలిగొన్న పిల్లులు మిగిలిన స్థానిక జీవులమీద పడతాయి. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని అస్ట్రెబ్లా డౌన్స్‌లో 2010–11 ఎలుకల వెల్లువ తగ్గిన తరువాత, కుందేలు చెవులుగల బిల్బీ అనే అరుదైన జంతువు ఈ విధంగానే పిల్లుల పాలబడింది. అధికారులు వేటగాళ్లను పంపి పిల్లులను పెద్దసంఖ్యలో తొలగించవలసి వచ్చింది. ఎలుకలు పెరిగిన ఏడు కాదు, ఎలుకలు పోయిన ఏడు అసలైన ప్రమాదం పొంచి ఉంటుందని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గ్రహించారు.

రోళ్లపాడు గుంటనక్కలు

మన ఇంటి ముంగిటి ఉదాహరణ నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు. బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యమైన ఈ చిన్న గడ్డిమైదానం బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన రంజిత్ మనకడన్, అసద్ రహమానీల పరిశోధనలకు వేదిక అయింది. అక్కడ రక్షణలో ఉన్న గడ్డిభూములలో ఎలుకల సంఖ్య ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు గుంటనక్కలు చదరపు కిలోమీటరుకు 1.6 వరకు ఉండేవి. ఎలుకలు తగ్గిన కాలంలో అది 0.4కు పడిపోయింది. అంటే నాలుగు నక్కలున్న చోట ఒక్కటే మిగిలింది. 2000లో ప్రచురితమైన ఈ ఫలితం, చిలీలోనూ ఆస్ట్రేలియాలోనూ పనిచేసిన సూత్రమే కర్నూలు నల్లరేగడి నేలలలోనూ పనిచేస్తున్నదని చాటిచెప్పింది.

కూల్పెయోవలె మన గుంటనక్క కూడా ఎలుకలనే నమ్ముకుని కూర్చోదు. చెదపురుగులు, మిడతలు, పీతలు, తొండలు, నేలగూళ్లలోని గుడ్లు, రేగుపండ్లు దానికి సమ్మతమే. కరవు ఏడు దానిని బ్రతికించేవి ఇవే. అయితే ఇవన్నీ దొరకాలంటే రేగుపొదలతో, పుట్టలతో, దున్నని గట్లతో కూడిన నేల ఉండాలి. అంచు మిగల్చకుండా దున్ని, నీరు పెట్టి, మందు చల్లిన నేలలో ఎలుక బ్రతుకుతుంది, నక్క బ్రతకదు.

థార్ ఎడారిలో ఈ మార్పు మరింత పెద్ద ఎత్తున జరిగింది. జోధ్‌పూర్‌లోని కేంద్ర మెట్టప్రాంత పరిశోధన సంస్థలో ఈశ్వర్ ప్రకాశ్ దశాబ్దాలపాటు ఎడారి ఎలుకలను అధ్యయనం చేశారు. వాటిలో ముఖ్యమైనది పగటివేళ తిరిగే ఎడారి ఎలుక. బొరియ వాకిట నిటారుగా నిలబడి నలుదిక్కులా చూసే ఈ జీవి గద్దలకు, ఎడారి నక్కకు, ఎడారి పిల్లికి నిత్యాహారం. 1958లో పనులు మొదలై నేడు ఇందిరాగాంధీ కాలువ అని పిలువబడుతున్న కాలువ ఆ ఇసుకనేలలకు నీరు తెచ్చింది. నీటితోపాటు పైర్లు వచ్చాయి. పైర్లతోపాటు తడినేలలకు అలవాటుపడిన పొలపు ఎలుకలు, పందికొక్కులు వచ్చాయి. పొడి ఇసుకను కోరే పాత ఎలుక వెనుకకు తగ్గింది. పగటి ఎలుకమీద ఆధారపడిన వేటజంతువుకు రాత్రి తిరిగే ఎలుక ప్రత్యామ్నాయం కాజాలదు. ఎలుకలు ఎన్ని అన్నదే కాదు, ఏ ఎలుకలు అన్నది కూడా వేటజంతువుకు ముఖ్యం.

రైతు లెక్క

ఈ పరిశోధనలన్నిటి నుంచి రైతు గ్రహించవలసినది ఏమిటి? నక్కా గుడ్లగూబా ఉన్నంతమాత్రాన పొలంలో ఎలుకల వెల్లువ రాదనుకోవడం భ్రమ. మంచి వానల తరువాతి కాలంలో అవి పెరిగి తీరుతాయి. అటువంటప్పుడు ఊరంతా కలిసి ఒకేసారి బొరియలు తవ్వించడం, బుట్టలు పెట్టించడం అవసరమే. ఒక్క రైతు తన చేనును మాత్రమే బాగుచేసుకుంటే పక్క చేలోని ఎలుకలు వారం తిరగకుండా వచ్చి చేరతాయి.

అయితే వేటజంతువులు నిష్ప్రయోజనమన్నది అంతకు మించిన భ్రమ. వాటి విలువ ఎలుకలు తక్కువగా ఉన్నప్పుడే ఎక్కువ. హాలింగ్ బల్లమీది లెక్క ఇక్కడ రైతు పక్షాన నిలుస్తుంది. పది ఎలుకలలో రెండింటిని గుడ్లగూబ ఎత్తుకుపోతే మిగిలినవి ఎనిమిదే. తరువాతి వెల్లువ ఆ ఎనిమిదింటి నుంచి మొదలుకావలసి ఉంటుంది.

విషం ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. నెత్తురు గడ్డకట్టకుండా చేసి చంపే మందులను తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. గుడ్లగూబకు అదే సులభంగా చిక్కుతుంది. ఎలుకలోని విషం దానికీ ఎక్కుతుంది. మందు వేసిన పొలంలో ఎలుకలు కొన్ని నెలలలో మళ్లీ నిండుతాయి. గుడ్లగూబల జంట మాత్రం అంత త్వరగా తిరిగి రాదు. వెరసి రైతు తన శత్రువును తాత్కాలికంగా తగ్గించి, శత్రువుకు శత్రువును చిరకాలం పాటు పోగొట్టుకున్నవాడవుతాడు.

ఇజ్రాయెల్‌లోని బెత్ షెయాన్ లోయ రైతులు 1983లో మరొక మార్గం తొక్కారు. పొలాల గట్లమీద స్తంభాలు పాతి, వాటిపై కొట్టపు గుడ్లగూబలకు కొయ్యపెట్టెలు అమర్చారు. గూటికి తావు దొరకడంతో గుడ్లగూబలు స్థిరపడ్డాయి. విషాల అవసరం తగ్గింది. తరువాత జోర్డాన్, పాలస్తీనా రైతులు కూడా ఈ ప్రయత్నంలో చేరారు. రాజకీయాలలో ఒకరి ముఖం ఒకరు చూడని పొరుగువారి పొలాలమీద ఒకే గుడ్లగూబ కాపలా కాస్తున్నది.

మన పల్లెలలో ఇంటి కప్పుమీద గుడ్లగూబ వాలితే అరిష్టమంటారు. అదే పక్షిని లక్ష్మీదేవి వాహనమని కూడా అంటారు. ధాన్యపు కొట్టు చుట్టూ తిరిగే ఈ పక్షి విషయంలో రెండవ మాట చెప్పిన పెద్దలు పొలాన్ని బాగా ఎరిగినవారై ఉండాలి. పాడుబడిన బావి గోడ, ఎండిన చెట్టు తొర్ర, వాడుకలో లేని గాదె – ఇవి దాని ఇళ్లు. ఇవేవీ మిగలని ఊరిలో చేలో నాలుగు పంగలకర్రలు పాతినా గుడ్లగూబ రాత్రి వచ్చి కూర్చుంటుంది. దానికి అయ్యే ఖర్చు కొద్దిపాటి శ్రమ మాత్రమే.

కరవు ఏటి కాపుదల

వన్యప్రాణులను గురించి ఆలోచించేటప్పుడు మనం సాధారణంగా సమృద్ధిని చూసి సంతోషిస్తాము. నాలుగు గుంటనక్కలు కనిపిస్తే ఇక భయం లేదనుకుంటాము. కాని పొడినేలలలోని ఈ జీవుల భవితవ్యం సమృద్ధిలో నిర్ణయం కాదు. నాలుగింటిలో మిగిలిన ఆ ఒక్క నక్క, తీరానికి చెదరక ఎడారిలో నిలిచిన ఆ కొద్ది గద్దలు, గూటిలో బ్రతికి బయటపడిన పెద్ద పిల్ల – తరువాతి వానకు జవాబు చెప్పవలసినవి ఇవే. ఆ ఒక్క నక్కకు రేగుపొద, చెదపుట్ట లేకుండా చేస్తే తరువాతి ఎలుకల ఏడు వస్తుంది. నక్కల ఏడు మాత్రం రాదు.

ప్రభుత్వ పత్రాలలో గడ్డిమైదానాలు, పొదల మెట్టలు ఇప్పటికీ అధికభాగం బంజరు భూముల పద్దులోనే నమోదవుతున్నాయి. పద్దులో బంజరు అని ఉన్న నేలను దేనికైనా కేటాయించవచ్చు. కాని ఆ నేల పనిలేక పడి ఉన్నది కాదు. చుట్టుపక్కల పొలాలను ఎలుకల నుంచి కాపాడే సేన, తనకు పని లేని సంవత్సరాలలో తలదాచుకునే విడిది అది. సేన అవసరం ఎప్పుడు పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. వాన ఎప్పుడు కురుస్తుందో చెప్పలేనట్లే. విడిదిని నిలిపి ఉంచడమొక్కటే మన చేతిలో ఉన్న పని.